కిరణ్ పాల్ గీసిన గంట

కిరణ్ పాల్‌ది తెనాలి కాదు. మాదాపూర్‌లో ఆర్కిటెక్టు భీమేశ్వరరావు గారి ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన రోజున ఎవరో "మీదే ఊరు?" అంటే నోటికి తెనాలి వచ్చింది. వచ్చింది గనక ఉండిపోయింది. ఇక దాన్ని మేపక తప్పలేదు. ఊరికి వెళ్లొచ్చినప్పుడల్లా మూసాపేట గదిలో సంచీ పడేసి, పనిగట్టుకుని మదీనాగూడ దాకా వెళ్లి కజ్జికాయలు కొని, కొట్టు పేరున్న అట్టపెట్టె పారేసి, స్టీలు డబ్బాలో సర్దుకొచ్చేవాడు.

"ఎంతైనా తెనాలి చెయ్యి వేరయ్యా," అనేవారు భీమేశ్వరరావు, రెండోది తీసుకుంటూ.

పక్క కుర్చీ అనూష అయితే లెక్క పెట్టకుండా తినేది. ఆమె హ్యాండ్‌బ్యాగు ఎప్పుడూ నోరు తెరుచుకుని బల్ల మీదే పడి ఉండేది.

అసలు ఊరు సముద్రానికి దగ్గర్లో ఒక సెటిల్‌మెంటు. తెల్లదొరలు ఎరుకల కులాన్నంతా దొంగలని చట్టంలో రాసి, ఇంటిల్లిపాదినీ తెచ్చి కాపలా మధ్య పెట్టిన చోటు. కిరణ్ పాల్ పుట్టేనాటికే ఆ చట్టం పోయింది. ఊరికున్న పేరు మాత్రం పోలేదు. ఆ పేరు చెబితే బస్సులో పక్కవాడు సంచీ ఒళ్లోకి తీసుకుంటాడు.

అలాంటివాడికి వచ్చిన పని చూడండి. తండాల నుంచీ గూడేల నుంచీ వచ్చి జైలుపాలైన యువకుల కోసం ఒక ట్రస్టు ఇల్లు కట్టదలచింది. అది జైలులా ఉండకూడదు, తమ జనం మధ్య ఉన్నట్టుండాలి, మనసు కుదుటపడాలి. ఇదీ వాళ్ల కోరిక.

"గోడల మీద ముగ్గులూ జింకలూ వేస్తే అయిపోదయ్యా," అన్నారు భీమేశ్వరరావు. "వాళ్లదే అయిన గుర్తొకటి కావాలి. నడి వాకిట్లో పెడదాం."

కొత్తగా లేచిన సైబర్ టవర్స్ చుట్టూ ఇంకా బండలు పేలుస్తున్న రోజులవి. పేలినప్పుడల్లా కంప్యూటర్ తెర వణికేది. ఆ వణుకులోనే కిరణ్ పాల్ ఒకటి గీశాడు. నాలుగు రాతి స్తంభాలు, పైన చిన్న కప్పు, దాని కింద గంట. చిన్నప్పుడు దాని నీడలో గోళీలాడాడు. ఊళ్లో అతను ప్రేమించిన వస్తువేదైనా ఉందంటే అదే.

"ఎక్కడ చూశావు?"

"తెనాలి పక్క పల్లెలోనండి. ఎరుకల వాళ్లది."

"అదీ గుర్తంటే," అని భీమేశ్వరరావు భుజం తట్టారు.

కళ్ల ఆపరేషన్‌కి వచ్చిన నాయనమ్మ గ్రేసమ్మ అప్పుడు మూసాపేట గదిలోనే ఉంది. ఆపరేషన్ అయ్యి, పప్పులో రాళ్లు కూడా కనబడుతున్నాయని మురిసిపోతోంది. కిరణ్ పాల్ గర్వంగా బొమ్మ తెచ్చి ఆమె ముందు పరిచాడు.

"మన చర్చి గంట నాయనమ్మా. గుర్తుపట్టావా?"

గ్రేసమ్మ వంగి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "చర్చిది చిన్న గంటరా. ఇది లెక్క గంట."

"లెక్కేంటి?"

"ఇది మోగితే అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తాలి. వరసలో నిలబడి, పేరు పిలిస్తే పలకాలి. పలక్కపోతే పారిపోయాడని ఠాణాకి కబురెళ్లేది. మీ తాత గుర్తున్నాడా? సైకిల్ బెల్లు మోగితే లేచి నిలబడేవాడు."

కిరణ్ పాల్‌కు గుర్తుంది. తాత లేస్తాడని పిల్లలంతా పనిగట్టుకుని బెల్లు కొట్టి నవ్వేవాళ్లు. తాత కూడా నవ్వేవాడు, నిలబడే.

"ఎవరికిరా కడుతున్నావు ఇది?"

 కిరణ్ పాల్ బొమ్మ చుట్టేశాడు. మళ్లీ విప్పాడు, మళ్లీ చుట్టాడు. ఆఫీసులో గంట వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే నీకెలా తెలుసంటారు. అక్కడితో తెనాలి కూలిపోతుంది.

మర్నాడు ట్రస్టు పెద్ద మల్లయ్య బొమ్మలు చూడ్డానికి వచ్చాడు. జైలరుగా పనిచేసి రిటైరైన మనిషి, మంచివాడు. అంత పెద్ద ప్లానులో ఆయన వేలు నేరుగా గంట మీదే ఆగింది.

"గిది మస్తుగుంది సార్. పొద్దుమాపు పోరగాండ్లను లెక్క వెట్టనీకి గూడ పన్కొస్తది."

కిరణ్ పాల్ ఒకసారి దగ్గాడు. మంచినీళ్లు తాగాడు. నీళ్లు తాగేవాడు మాట్లాడనక్కర్లేదు గనక మళ్లీ తాగాడు. గ్లాసు ఖాళీ అయింది.

"ఆ గంట తీసేద్దామండి."

"నువ్వు గీసిందేగా?" అన్నారు భీమేశ్వరరావు.

"తప్పు గీశానండి. అది మా వాళ్లని లెక్కపెట్టిన గంట. నేను చర్చి గంటనుకున్నాను." మొదలెట్టాక ఆగడం చేతకాలేదు. ఊరి పేరు చెప్పాడు, తాత సంగతి చెప్పాడు, సైకిల్ బెల్లు సంగతీ చెప్పాడు.

మల్లయ్య వేలు మెల్లగా ప్లాను మీంచి లేచింది. "నేను గూడ కొట్టిపిచ్చిన బిడ్డా, గసొంటి గంట. ఏండ్లకేండ్లు," అని, ప్లాను అతని వైపు జరిపి, "తీసెయ్యి," అన్నాడు.

భీమేశ్వరరావు మాత్రం ఇంకేదో ఆలోచిస్తున్నారు. "మరి ఆ కజ్జికాయలు?"

"మదీనాగూడవండి."

"ఊరి పేరులో మోసమంటే సరే. మిఠాయిలో కూడా మోసమేనటయ్యా," అన్నారాయన. నిజంగానే నొచ్చుకున్నట్టున్నారు.

కిరణ్ పాల్ సీటుకు తిరిగొచ్చేసరికి, అంతా విన్న అనూష చెయ్యి బల్ల మీది హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగుతోంది. అతను చూశాడు. అతను చూడటం ఆమె చూసింది. సగం మూసిన జిప్పు అక్కడే ఆగిపోయింది. సాయంత్రం దాకా ఇద్దరూ ఒకరి తెర ఒకరు చూడలేదు.

మర్నాడు పొద్దున ఆమె తన సొరుగు తాళంచెవి అతని కీబోర్డు పక్కన పెట్టింది. "జర నీ దగ్గర్నే ఉంచు. నేను ఆటోల పడగొట్టుకుంట."

అది క్షమాపణో, పరీక్షో అతనికి అర్థం కాలేదు. జేబులో వేసుకున్నాడు. గంట చెరిపిన చోట ఏం పెట్టాలా అని ఖాళీ వాకిలి కేసి చూస్తూ, తాళంచెవి ఉందో లేదోనని రోజంతా జేబు తడుముకుంటూనే ఉన్నాడు.