ఏం పర్వాలేదన్న మణికట్టు

నా కుడి మణికట్టు ఎంత ఎత్తు నుంచి పడితే విరిగిందని ఎవరైనా అడిగితే నేను వెంటనే మాట మార్చేస్తాను. నలభై అడుగుల వాటర్ ట్యాంకు ఎక్కాను, దిగాను. అక్కడిదాకా గొప్పగానే ఉంటుంది. దిగాక, రెండు కాళ్ళూ నేల మీద భద్రంగా ఆనించి, ట్యాంకు మొత్తం కంటికి ఆనాలని రెండడుగులు వెనక్కి వేశాను. వెనక కందకం ఉంది. పైపులైను కోసం నేనే కొలిచి, నేనే సున్నంతో గీత గీయించి, నేనే దగ్గరుండి తవ్వించిన కందకం. మోకాలి లోతు చాలని తవ్వేవాళ్ళు మొత్తుకున్నారు. నడుము లోతు ఉండాల్సిందేనని పట్టుబట్టింది కూడా నేనే.

ఇది జరిగింది తూర్పు ఆఫ్రికాలో ఒక చిన్న పట్నంలో. కెనడాలో గ్వెల్ఫ్ దగ్గర ఒక మున్సిపాలిటీలో నీళ్ళ ఇంజనీరుగా పాతికేళ్ళు పనిచేసి రిటైరయ్యాక నాకేం తోచక, వంటింట్లో డబ్బాల మీద లేబుళ్ళు అంటించడం మొదలుపెట్టాను. కందిపప్పు డబ్బా మీద ‘కందిపప్పు’ అని. మూడో రోజున మా ఆవిడ ఒక ప్రకటన తెచ్చి నా ముందు పెట్టింది. విదేశాలకు వాలంటీర్లను పంపే సంస్థ ఒకటి నీటి సరఫరా తెలిసినవాళ్ళ కోసం వెతుకుతోంది. ఎనిమిది నెలలు. జీతం ఉండదు గానీ టికెట్టు, ఇల్లు, వైద్యం, దెబ్బ తగిలితే పరిహారం అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఆ రోజే అప్లై చేశాను.

బయల్దేరే ముందు రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. ట్రైనింగ్ ఇచ్చినావిడ చాలా స్పష్టంగా చెప్పింది: "ఎంత చిన్న దెబ్బయినా రిపోర్ట్ చేయండి. ఎలా ఉందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీరు నోటితో ఏం చెబితే అదే రికార్డులోకి వెళ్తుంది." నేను ఆ మాట రాసుకుని, కింద రెండు గీతలు గీశాను. ఆ బ్యాచిలో నా అంత శుభ్రంగా నోట్సు రాసుకున్నవాళ్ళు లేరు. కాకపోతే ఆ నోట్సులో మొహమాటం గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఆవిడకి మా సంగతి ఏం తెలుసు పాపం.

మాది మొహమాటాల వంశం. ఒక పెళ్ళిలో మా నాన్నగారి పాదం మీద కుర్చీ కాలు పెట్టుకుని ఒకాయన కూర్చుంటే, ఆయన భోజనానికి లేచేదాకా నాన్నగారు నోరు మెదపలేదు. అవతలాయన మగపెళ్ళివారి తరఫు మరి. ఎవరింటికైనా వెళ్తే కాఫీ వద్దనడం, వాళ్ళు బలవంతం చేస్తే తాగడం మా పద్ధతి. మొదటిసారి ‘వద్దు’ అంటే దానికి అర్థమే లేదు. రెండోది మర్యాదకి. మూడోసారి అడిగాక చెప్పేదే అసలు జవాబు. కెనడా వచ్చి ముప్పై ఏళ్ళయినా, ఇక్కడివాళ్ళు మొదటి జవాబే రాసుకుని కలం మూసేస్తారన్న సంగతి నా బుర్రకెక్కలేదు.

సరే, కందకంలో పడి ఆకాశం చూస్తున్నాను. వాటర్ బోర్డు మేనేజరు, ఇద్దరు ప్లంబర్లు పైనుంచి తొంగి చూశారు.

"దెబ్బ తగిలిందా సార్?"

"అబ్బే, ఏం లేదు. ఐ యామ్ ఫైన్."

మణికట్టు అప్పటికే ఉండాల్సిన ఆకారంలో లేదు. దాన్ని వీపు వెనక దాచుకున్నాను. నా వల్ల వాళ్ళ పని ఆగిపోవడం నాకు తలకొట్టేసినట్టయింది. పైగా ఆ తర్వాత మీటింగ్ ఉంది. వెళ్ళి కూర్చున్నాను. ఎడమ చేత్తో టీ తాగాను. ఎడమ చేత్తో మినిట్స్ మీద సంతకం పెట్టాను. మేనేజరు ఆ సంతకం వంక, నా మొహం వంక చూసి, డ్రైవర్ని పిలిచి నన్ను ఆసుపత్రికి పంపించాడు. ఆ మర్యాదస్తుడు తన ఇన్సిడెంట్ రిపోర్టులో నా మాట నా మాటగానే రాశాడు: ‘వాలంటీరు తనకేమీ కాలేదన్నారు.’

అక్కడి డాక్టరు ఎక్స్‌రే తీసి, ఎముక విరిగి పక్కకి జరిగిందన్నాడు. తను కట్టు వేస్తాను గానీ, రాజధానిలో ఎముకల సర్జన్‌కి చూపించుకోవడమే మంచిదన్నాడు. ఈలోగా మా సంస్థ తరఫున ఎమర్జెన్సీ సాయం చూసేవాళ్ళ ఫోన్ కెనడా నుంచి వచ్చింది. అవతల ఒకబ్బాయి చాలా మర్యాదగా, రాజధానికి తీసుకెళ్ళడానికి విమానం పంపమంటారా అని అడిగాడు.

విమానం! ఒక్క మణికట్టు కోసం! ఆ పైలట్ ఎక్కడో భోజనం చేస్తుంటాడు, అతన్ని లేపి పంపిస్తారు, నేను చెయ్యి పట్టుకుని ఒక్కణ్ణీ అందులో ఎక్కాలి. ఊహించుకుంటేనే సిగ్గేసింది.

"అయ్యో, వద్దండీ. అంత అవసరం లేదు" అన్నాను. మళ్ళీ అడుగుతాడని ఎదురు చూశాను. రెండోసారి అడిగితే కొంచెం మెత్తబడదామనే అనుకున్నాను. అతను "ఓకే సార్" అన్నాడు.

తర్వాత, నొప్పి ఒకటి నుంచి పది దాకా ఎంత ఉందన్నాడు. పది అంటే ప్రాణం పోతున్నవాళ్ళది. పక్క బల్ల మీద కాన్పు కోసం వచ్చినావిడ పళ్ళు బిగించి కూర్చుంది. ఆవిడ వినగా నేను ఎనిమిదీ తొమ్మిదీ అనడం ఏం బావుంటుంది? "రెండు" అన్నాను. అలా అంటున్నప్పుడు కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి గానీ, అవి ఫోన్లో కనబడవు.

విమానం లేదు గనక రాజధాని ప్రయాణమూ లేదు. డాక్టరు తన దగ్గరున్న వసతుల్లో చేయగలిగింది చేశాడు. కట్టుతోనే మిగిలిన రెండు నెలలూ పనిచేసి, ట్యాంకులోంచి నీళ్ళు పట్నంలోకి పారడం చూసి ఇంటికొచ్చాను. ఆ కందకం ఇప్పుడు పూడ్చేశారు. లోతు సరిగ్గా సరిపోయిందట.

కట్టు విప్పాక తెలిసింది అసలు సంగతి. నా కుడి అరచెయ్యి నేల వైపు తిరుగుతుంది, గోడ వైపు తిరుగుతుంది. పైకి మాత్రం తిరగదు. గుళ్ళో పూజారిగారు తీర్థం పోస్తే అది చేతిలో నిలవకుండా జారి నా మేజోళ్ళలోకి ఇంకిపోయింది. ఇంట్లో అన్నం కలపగలను గానీ ముద్ద నోటి దాకా వచ్చేసరికి చెయ్యి పక్కకి ఒరిగి, ముద్ద చొక్కా మీద పడుతుంది. చెంచాతో ఆవకాయ అన్నం తినడం మొదలుపెట్టాను. ఒకరోజు ముద్దపప్పు, నెయ్యి, కొత్త ఆవకాయ ముందు పెట్టుకుని, ఎడమ చేత్తో చెంచా పట్టుకుని, అరవై ఆరేళ్ళ వయసులో ఏడ్చాను. మా ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ముద్దలు కలిపి నా ఎడమ చేతిలో పెట్టడం మొదలుపెట్టింది.

గ్వెల్ఫ్‌లో డాక్టరు ఎముక కాస్త వంకరగా అతుక్కుందన్నారు. వారానికి మూడుసార్లు హ్యాండ్ థెరపీ చేయించుకుంటే చెయ్యి తిరిగే అవకాశం ఉందన్నారు. అది కూడా ఇప్పుడే మొదలుపెట్టాలి, చలికాలం దాటితే కీలు బిగుసుకుపోయి ఇక జన్మకి అంతే అన్నారు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద ఆ థెరపీ రాదు, నెలల తరబడి సొంతంగా చేయించుకోవడం మా పెన్షన్ వల్ల కాదు. వాలంటీర్లకిచ్చే పరిహారం కింద క్లెయిమ్ పెట్టాను.

నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. ‘వాలంటీరు తనకేమీ కాలేదన్నారు. విమానం వద్దన్నారు. నొప్పి పదికి రెండు అన్నారు. కాబట్టి ప్రస్తుత పరిస్థితి ఆనాటి గాయం వల్లే వచ్చిందని నిర్ధారించలేకపోతున్నాం.’ చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. ఆ ఉత్తరంలో నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పీల్ చేస్తే ఫోన్లో ఇంటర్వ్యూ ఉంటుందన్నారు. వాంకూవర్ నుంచి మా అమ్మాయి వీడియోలో రిహార్సల్ చేయించింది.

"నేను ఆఫీసర్‌ని. సర్, హౌ ఈజ్ యువర్ హ్యాండ్?"

"నాట్ బ్యాడ్ అమ్మా."

"డాడ్!"

"పోనీ, కొంచెం స్టిఫ్‌గా ఉంది. పెద్ద విషయం కాదు."

"డాడ్, యూ ఆర్ హోప్‌లెస్" అని ఫోన్ పెట్టేసింది. పది నిమిషాలాగి మళ్ళీ చేసింది. ఆ సాయంత్రం ఇలా నాలుగుసార్లు పెట్టేసింది. ఆఖరికి ‘ఇట్ హర్ట్స్’ అనే రెండు మాటలు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, టేబుల్ మీద నా ఎదురుగా అంటించమని మా ఆవిడకి పురమాయించింది.

ఇంటర్వ్యూ రోజున నేనూ మా ఆవిడా భోజనాల బల్ల దగ్గర ఫోన్ స్పీకర్లో పెట్టుకుని కూర్చున్నాం. బయట మంచు పడుతోంది. ఆఫీసరు మంచి పిల్లే. తొందరపెట్టకుండా అడుగుతోంది. ఆమె కీబోర్డు చప్పుడు మాకు వినబడుతోంది.

"ఇప్పుడు చెయ్యి ఎలా ఉంది సార్?"

ఎదురుగా కాగితం ఉంది. రెండే మాటలు. గొంతు దాకా వచ్చాయి కూడా. పాపం ఈ అమ్మాయి పొద్దున్నుంచీ ఎంతమంది బాధలు వింటోందో అనిపించింది.

"మేనేజ్ చేస్తున్నానండీ" అన్నాను.

టకటకమని టైప్ చేసింది. మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. దానికీ నేను ఏమీ అనలేదు.

"ఇంట్లో మీకు సాయం ఎవరు చేస్తున్నారు?"

"మా ఆవిడ."

"ఆవిడతో మాట్లాడొచ్చా? మేడమ్, ఈ పనులన్నీ చేయడం మీకేమైనా కష్టంగా ఉందా?"

"నో నో, అదేం లేదమ్మా. ఐ యామ్ ఫైన్" అంది మా ఆవిడ. అంటూ ఎడమ చేత్తో తన కుడి భుజం పట్టుకుని మెల్లగా నొక్కుకుంటోంది. అవతల మళ్ళీ టకటక మొదలైంది.

"రాయకండి!" అని అరిచాను.

కెనడాలో ఒక ఆఫీసరు మీద నేను గొంతు పెంచడం అదే మొదటిసారి. చప్పుడు ఆగిపోయింది.

"అదంతా అబద్ధం. ఆవిడ ఫైన్ కాదు, ఇప్పుడు కూడా నొప్పితో భుజం నొక్కుకుంటోంది. పొద్దున నా చొక్కా బొత్తాలు ఆవిడే పెడుతుంది. తన కంచంలో కూర చల్లారిపోతుంటే నాకు ముద్దలు కలిపి పెడుతుంది. హైవే అంటే ఆవిడకి భయం. నేను స్టీరింగ్ తిప్పలేనని ఈ మంచులో నన్ను డాక్టరు దగ్గరికి డ్రైవ్ చేసుకుపోతుంది. వాకిట్లో మంచు ఆవిడే ఎత్తిపోస్తోంది, నేను కిటికీలోంచి చూస్తూ నిలబడుతున్నాను. నా చెయ్యి పైకి తిరగదు. నొప్పి ఆ రోజు తొమ్మిది. రెండు అన్నది పక్కన కాన్పు కోసం వచ్చినావిడ ఉందని. విమానం వద్దన్నది మీరు మళ్ళీ అడుగుతారనుకుని. నా చేత్తో నేను అన్నం తినాలి. అదే నాకు కావాల్సింది, రాసుకోండి."

ఆ అమ్మాయి అంతా టైప్ చేసుకుంది. "సార్, మీ ఫైలులో ఇవేవీ లేవు. ఇప్పుడు ఉంటాయి" అంది. ఉన్నాయి కూడా. వారం తిరక్కుండా థెరపీకి అనుమతి వచ్చింది. అది వచ్చినందుకు సంతోషమే. నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఫోన్ పెట్టేసే ముందు ఆమె అడిగిన ఆఖరి ప్రశ్న.

"మేడమ్ భుజం నొప్పి మీకు సాయం చేయడం వల్ల వచ్చిందా? అలాగైతే అది కూడా క్లెయిములో చేర్చొచ్చు. ఎప్పుడు మొదలైంది?"

"నేను వచ్చాకే. ఈ మంచు ఎత్తీ ఎత్తీ" అన్నాను ధీమాగా. అరుపు రుచి తగిలినవాణ్ణి, ఇక నన్ను ఆపేదెవరు?

"కాదండీ" అంది మా ఆవిడ.

నేను కళ్ళతో సైగ చేశాను. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఎంచుకున్న సమయం ఇదీ.

"ఆ అమ్మాయితో అబద్ధం చెప్పడం ఎందుకు? మీరు ఆఫ్రికా వెళ్ళకముందు నుంచే ఉంది. అప్పటికే చెయ్యి తల దాకా లేచేది కాదు. జడ కూడా వేసుకోలేకపోయేదాన్ని."

ఆవిడ జుట్టు ఎప్పుడు పొట్టిగా కత్తిరించుకుందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. బావుందని ఒకరోజు అన్నట్టు మాత్రం గుర్తుంది.

"మరి అప్పుడే చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే మీరు ఆగిపోయేవారు కదా" అంది, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు.

ఆ అమ్మాయి లైన్లోనే ఉంది. ఆఫ్రికా నుంచి ఎనిమిది నెలల పాటు వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, ఎలా ఉన్నావని ఒక్కసారే అడిగి, ఆవిడ చెప్పిన మొదటి జవాబే రాసుకున్నవాణ్ణి నేను.