ఇంకిపోయాయని చెప్పిన పాలు

దయ్యం పట్టిందని ఎవరినైనా తీసుకొస్తే, ముందు జ్వరం చూడండనే మనిషిని నేను. మెదక్‌లో ఆడవాళ్ల దవాఖానలో ఏళ్ల తరబడి ఆయాగా పనిచేశాను. శవాలకు స్నానం చేయించాను, శవాల గదికి ఒంటరిగా తాళం వేశాను. ఒక్క దయ్యమూ నన్ను పలకరించలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది భయంతో కాదు, సిగ్గుతో.

పోలీస్ యాక్షన్ అయిన కొద్ది రోజులకు జరిగింది. నా కూతురు అప్పుడు నాలుగు నెలల పసిబిడ్డ. అంతకుముందే రజాకార్లు మా ఆయన కుడిచెయ్యి విరగ్గొట్టారు, అది సరిగా అతకలేదు. ఇల్లు గడవాలంటే నేను పనికి పోక తప్పదు. బిడ్డను అత్త దగ్గర వదిలి పొద్దున్నే పోతే, మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరేదాన్ని.

మధ్యాహ్నానికి రొమ్ములు గడ్డకట్టి రవిక తడిసిపోయేది. పెద్ద నర్సమ్మ చూసి ఒక పంపు ఇచ్చింది. గాజు గిన్నె, దాని వెనక రబ్బరు బుంగ. బుంగ నొక్కి, గిన్నెను రొమ్ముకు ఆనించి వదిలితే పాలు దిగుతాయి. వాడే ముందు మరగబెట్టాలి. మొదటి రోజే నేను తొందరపడి, కాగే నీళ్లలోంచి గుడ్డతో తీసి వెంటనే పెట్టుకున్నాను. ఎడమవైపు గాజు అంచు మేర గుండ్రంగా కాలింది. నా తెలివితక్కువతనం ఎవరికి చెప్పుకోను? ఇంట్లో కూడా ఎవరికీ చూపలేదు.

పిండిన పాలు ఎవరి కాళ్ల కిందా పడకూడదని మా ఇళ్లలో పట్టింపు. అందుకని దవాఖాన వెనక నిమ్మచెట్టు మొదట్లో పోసేదాన్ని.

ఆ వారమే అల్లాదుర్గ్ వైపు నుంచి ఖైరూన్ అనే ఆమెను తెచ్చారు. ఒళ్లు కాలిపోయే జ్వరం, పక్కన పది రోజుల కొడుకు. భర్త ఏమయ్యాడో తెలియదు. ఆమెకు పాలు పడలేదు. పిల్లవాడు గంజినీళ్లు కక్కేస్తున్నాడు.

"వీడు రెండు రోజులు గూడ ఆగడు. నీవి చెట్టుకు పోస్తున్నవ్ గద, జర పిండి ఇయ్యి," అంది నర్సమ్మ.

నాకు మా ఆయన చెయ్యి గుర్తొచ్చింది. దాన్ని విరిచింది ఆ పసివాడే అయినట్టు, "నావి ఇంకిపోయినయమ్మా," అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం నిమ్మచెట్టు చాటున కూర్చుని దొంగతనంగా పంపు పెట్టాను. చుక్క రాలేదు. రొమ్ములు బిడ్డ తాగి వదిలినట్టు మెత్తగా ఉన్నాయి. ఆడిన అబద్ధమే తగిలిందనుకున్నాను. సాయంత్రం ఇంటికి పోయేసరికి మళ్లీ ఎప్పటిలాగే నిండాయి, నా బిడ్డ కడుపునిండా తాగింది. మూడు రోజులు ఇదే వరస.

ఆ మూడు రోజుల్లో ఖైరూన్ గదిలోంచి ఏడుపు ఆగిపోయింది. పిల్లవాడు పోయాడేమోననుకుని ఆ దరిదాపులకే పోలేదు.

నాలుగో రోజు ఆమెకు జ్వరం దిగింది. నన్ను పిలిపించింది. పిల్లవాడు ఆమె పక్కన నిద్రపోతున్నాడు, బుగ్గలు కాస్త తేరాయి.

"అక్కా, దినాం పగటీలి అచ్చి నా కొడుక్కు పాలిచ్చి పోతున్నవ్. నీ మేలు మర్వ," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎడమ దిక్కు గా గుండ్రటి మచ్చ కాలిందా? పిల్లగాడు తాగుతుంటె నొస్తలేదా?" అని అడిగింది.

నేను ఆ గది గడప తొక్కడం అదే మొదటిసారి. ఆ మాట చెప్పాల్సింది. "తగ్గింది," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మా మతంల ఒక్క తల్లి పాలు తాగితె సొంత తోడబుట్టినోళ్ల లెక్కనే. నీ బిడ్డ వీనికి అక్క ఇగ," అంది.

ఆ రోజుల్లో వార్డులో పాలిచ్చే తల్లి ఇంకెవరూ లేరు, నర్సమ్మను అడిగి తెలుసుకున్నాను. ఆవిడ నేనే ఇచ్చాననుకుని మెచ్చుకుంది కూడా. నాకు తెలియకుండా నేనే పోయి ఇచ్చానేమోనని సరిపెట్టుకోవాలని చూశాను. కుదరలేదు. ఆ మూడు మధ్యాహ్నాలూ నేను చెట్టు చాటున ఖాళీ పంపు నొక్కుతూ కూర్చున్నాను.

ఆ పిల్లవాడే యాకూబ్. వాడికి ఇప్పుడు బజారులో కుట్టుమిషన్ దుకాణం ఉంది. నా కూతురి పెళ్లికి తమ్ముడిగా చీర పెట్టాడు. వాడు తాగింది ఎవరి పాలో, ఆ మచ్చ ఖైరూన్ ఎలా చూసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఖైరూన్ చనిపోయేదాకా నా మేలు కోరి దువా చేసింది. ఆమెకూ నిజం చెప్పలేదు.

కనీసం వాడికైనా చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను. వాడు గడప బయట చెప్పులు విడిచి, "అమ్మా, ఉన్నవా?" అని పిలుస్తాడు.

"ఉన్న బిడ్డా, రా," అంటాను.