పెరియనాయగి “ఇప్పు”

పెరియనాయగి నోట ఎక్కువగా వచ్చే మాట ఒక్కటే: “ఇప్పు!” విప్పు అన్నమాట. అల్లిక నేర్చుకునేవాళ్లు వారం రోజులు తంటాలు పడి జానెడు అల్లుకొస్తే, ఆవిడ కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి, అటూ ఇటూ తిప్పి చూసి, “కన్ను పోయిండాది. ఇప్పు!” అంటుంది. అల్లికలో ఒక్కో ఉచ్చును ఆవిడ కన్ను అంటుంది. సూది మీంచి ఉచ్చు జారితే కన్ను పోయినట్టే.

అసలు కోవిల్‌పట్టిలో ఉన్ని అల్లిక నేర్పడమే ఒక వింత. స్వెట్టర్ అన్న మాట వింటేనే చెమట పట్టే ఊరది. అయినా బడిలో కుట్టు టీచరుగా రిటైరైన ప్రాణం ఊరుకోదుగా! మధ్యాహ్నం పూట వసారాలో ఫ్యాను కింద చాప పరిచి, అగ్గిపెట్టెల కంపెనీ ఆడవాళ్లకూ వీధిలోని కోడళ్లకూ నేర్పుతుంది. సెల్‌ఫోన్ సంచి, చంటిపిల్ల టోపీ, మఫ్లర్, ఇంతే పాఠాలు. మిగతాదంతా టీ, కబుర్లు, నవ్వులు.

ఆ నోటికి వసారా చాలదు. పూలమ్మాయి మల్లెలు వదులుగా కడితే “ఇప్పు!” టైలరు రవిక బిగుతుగా కుడితే “ఇప్పు!” ఒకసారి విరుదునగర్‌లో చెల్లెలి కూతురి పెళ్లికి పోయి ముందు వరసలో కూర్చుంది. పెళ్లికొడుకు తాళి కడుతున్నాడు. “ముడి వంకరగా ఉండాది. ఇప్పు!” అంది అలవాటు కొద్దీ. మేళం టక్కున ఆగిపోయింది. పెళ్లికొడుకు నిజంగానే విప్పబోతే, పెళ్లి జరిపిస్తున్న అయ్యరు చెయ్యి పట్టుకుని ఆపాడు.

అలాంటి ఆవిడ దగ్గరికి అముద వచ్చి పడింది. విళాత్తికుళం దగ్గరి పల్లె నుంచి ఆ వీధికి కొత్తగా వచ్చిన కోడలు. వెంటబెట్టుకొచ్చింది అత్తగారు పాప్పా.

“మా ఆయనకు మార్గళి నెల చలి, మంచు పడదు, దగ్గు. ఒక మఫ్లర్ అల్లేదానికి నేర్పీ అక్కా. అది ముగిసేదాకా పంపిస్తా. ముగిస్తే సరి, ఆమైన ఇల్లు కదలనీను.”

“ముగిసేదాకానా?”

“అవును, ముగిసేదాకాదా!”

“సరి,” అంది పెరియనాయగి.

పాప్పా ఇంట్లో వేరుశనగ మిఠాయి చేస్తారు. తెల్లారింది మొదలు బెల్లం పాకం సెగ, దానికి మించి అత్త కేకలు. ఆ ఇంట్లో అముద గట్టిగా నవ్వి ఎరగదు. వసారాలో గడిపే ఆ గంట మీద ఆమెకు ప్రాణం. మఫ్లర్ ముగిస్తే ఆ గంటా పోతుంది. ముగించకపోతే అత్త ఊరుకోదు. ఈ దిగులు ఎవరికీ చెప్పుకోలేక, చెప్పిన పని చెప్పినట్టు అల్లుకుపోయింది.

వేళ్లు చురుకైనవి. జానెడు అయింది. “ఇప్పు!” మళ్లీ మొదలుపెడితే మూరెడు అయింది. “ఇప్పు!”

“యెంత అయ్యిండాది?” అని ఇంట్లో పాప్పా అడిగేది.

“జానెడు అత్తా.”

“పోయిన నెల మూరెడు అంటివే! అల్లేకొద్దీ తరిగే మఫ్లర్‌ను ఇబ్బుడుదా చూస్తుండా!”

మార్గళి వచ్చింది, మామకు దగ్గూ వచ్చింది. రెండూ పోయాయి కూడా.

అముదకు ఒళ్లు మండింది మాత్రం పాండీశ్వరి వల్ల. అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసే ఆ మనిషి అల్లిన సంచిలో ఫోను పెడితే, అడుగు నుంచి కింద పడింది. దానికి పెరియనాయగి, “పరవాలేదు, ఫోనుకు గాలి ఆడాల కదా!” అని చివరి ముడి వేసి చేతికిచ్చింది.

“ఆమెకొక నాయం, నాకొక నాయమా టీచరమ్మా?”

“దానిది ఫోను గదమ్మే! నీది మామ మెడ! ఇప్పు!”

చివరికి పాప్పా ఓపిక నశించింది. ఒకరోజు చేతులకు అంటిన పాకం కడుక్కోకుండానే వసారా ఎక్కింది. మఫ్లర్ అప్పటికి మెడకు రెండు చుట్లు వచ్చేంత అయింది. అందులో తప్పు లేదని అముదకు తెలుసు.

“చాలక్కా. ఈపొద్దే ముగించి పంపు. రేపటినించి రాదు.”

పెరియనాయగి కళ్లద్దాలు జార్చింది.

“కన్ను పోయిండాది,” అంది.

“యెవురికి?” పాప్పా మండిపడింది. “నా కన్ను బాగుండాది! సూదిలో దారం ఎక్కిస్తా, చూస్తావా?”

“నీ కన్ను కాదు పాప్పా, అల్లికలో. ఇదో, ఇంత బొక్క. నీకు అగపడలేదా?”

పాప్పా వంగి చూసింది. కళ్లు చికిలించి చూసింది. చుట్టూ అందరూ తనను చూస్తున్నారు. కన్ను బాగుందని ఇప్పుడే కదా అంది!

“అగపడకేమి? బాగా అగపడుతుండాది. యెంత పెద్ద బొక్క!”

“దీన్ని చుట్టుకోని మీ ఆయన బజారుకు పోతే?”

“నలుగురూ నవ్వరా!” పాప్పా కోడలి వైపు తిరిగింది. “ఏమమ్మే, చూస్తుండావే? ఇప్పు!” పెరియనాయగితో, “నిదానంగా నేర్పీ అక్కా. యెన్నాళ్లయినా సరి,” అని చెప్పి దిగి వెళ్లింది.

టీచరమ్మ చూపించిన చోట అముద వేలు పెట్టి తడిమింది. బొక్క లేదు. ఎక్కడా లేదు. ఎప్పుడూ లేదు. తలెత్తితే పెరియనాయగి ఏమీ ఎరగనట్టు చల్లారిన టీ తాగుతోంది. అముదకు ఆవిడను వాటేసుకోవాలనిపించింది, కానీ చేతిలో సూదులున్నాయి. అందుకని దారం కొస పట్టుకుని లాగింది. వరస వెంట వరస ఊడిపోతుంటే పగలబడి నవ్వింది.

ఆ తరువాత కన్ను పోయిందని ఆవిడ చెప్పే పనే లేకపోయింది.

“టీచరమ్మా, కన్ను పోయినట్టుండాది.”

“యాడ?”

“ఇంకా చూడలే.”

“సరి, ఇప్పు.”

మామ మాత్రం ఇప్పటికీ మార్గళిలో మెడకు తువ్వాలే చుట్టుకుంటున్నాడు.