లుత్ఫీ పేరు మీద చేరిన ఫైలు

రౌధా గోర్బెల్ రేవుపట్నం స్ఫాక్స్‌లో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. గట్టి మనిషి. బజారులో బాదం కొంటే గుప్పెడు నమిలి చూసి గానీ సంచీ తెరవదు. బడి అయ్యాక ఆమెకు ఇంకో పని ఉండేది. మేం కొంతమందిమి కలిసి ‘నౌరస్’ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసి ఊరికే పంచేవాళ్ళం. దాని గుండెకాయ లాంటి కెర్నెల్ రౌధా చేతిలో ఉండేది. ఎవరు ఏ మార్పు పంపినా ఆమె చదివి సరేనంటేనే లోపలికి వచ్చేది.

నౌరస్‌కు ఒకటే నియమం. ఎవరూ చదవలేని కోడ్ ఒక్క ముక్క కూడా అందులో ఉండకూడదు. ఆ నియమం రాసిందీ రౌధానే.

చిక్కల్లా వైఫై కార్డులతో వచ్చేది. చాలా కార్డులు కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ ఫైలు లేనిదే పలకవు. ఆ ఫైలు తెరిస్తే ఉత్త అంకెల గుట్ట. లోపల ఏముందో కంపెనీకి తప్ప ఎవరికీ తెలియదు. మాలో ఒకడు, కంప్యూటర్లు బాగుచేసే లుత్ఫీ ట్రీకీ, ఒక కార్డు కోసం అలాంటి ఫైలును కెర్నెల్‌లో చేర్చి పంపాడు. "కావాలన్నవాళ్ళకు ఇద్దాం, వద్దన్నవాళ్ళు తీసేసుకుంటారు," అన్నాడు.

మేం కూడే చోట, బాబ్ దీవాన్ కోటగుమ్మం వెనక అచ్చు దుకాణం మేడ మీద, పేరు ముందు ‘సీ’ అని మర్యాద తగిలిస్తూనే అందరి ముందూ రౌధా అతన్ని కడిగేసింది.

"సీ లుత్ఫీ, నీ దుకాణంలో గిరాకీ కోసం మా నోట్లో మన్ను కొడతావా? మూత తీయనివ్వని కుండలో కూర ఎవరైనా తింటారా?"

అందరం నవ్వాం. లుత్ఫీ తన టీ గ్లాసు కిటికీలో పెట్టేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ మేడ ఎక్కలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు కెర్కెన్నా దీవిలోని చిన్న ఆసుపత్రి నుంచి నర్సు మెహ్రెజియా ఫోను చేసింది. అక్కడి కంప్యూటర్లలో నౌరస్ పెట్టించింది రౌధానే. ఉప్పుగాలి నెట్ తీగను తినేసింది, కొత్తగా వైఫై పెట్టారు. చేతి ఫోన్లలో ఇంకా ఇంటర్నెట్ లేని రోజులు.

"చెల్లీ, నీ సిస్టమ్‌కి వైఫై కనబడట్లేదు. గుండె నొప్పితో ఒక జాలరి వచ్చాడు. ఈసీజీ గీతల కాగితం స్ఫాక్స్ డాక్టరుకి పంపుదామంటే దారి లేదు. గాలికి దీవి దాటించే లూద్ పడవ ఆపేశారు. పొద్దు గూకేదాకా ఆ మనిషి చెయ్యి పట్టుకుని కూర్చున్నా."

"బతికాడా?"

"బతికాడులే. కానీ మనిషి సగమయ్యాడు. వల లాగలేడిక."

రౌధా ఆ మాటను మోయలేకపోయింది. ఆసుపత్రి కంప్యూటర్లలో ఉన్నది లుత్ఫీ చెప్పిన కార్డే. మేడ మీదికి వచ్చి "నేను పొరబడ్డాను, నియమం మారుద్దాం" అని ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. లుత్ఫీ పాత మార్పును బయటికి తీసి, మరికొన్ని మార్పుల మధ్య ‘చిన్న సవరణలు’ అని పేరు పెట్టి కెర్నెల్‌లో కలిపేసింది. రాసినవాడి పేరు చెరపకూడదని అతని పేరు అలాగే ఉంచింది. అది తన నిజాయితీ అనుకుంది.

కొత్త నౌరస్ విడుదలైంది. దీవిలో వైఫై వచ్చింది. అంతలోనే గాబెస్ ఊరి సభ్యుడొకడు ఆ అంకెల ఫైలును పట్టుకున్నాడు. రాసిందెవరని చూస్తే లుత్ఫీ ట్రీకీ. కింద రౌధా ఆమోదం ఉంది గానీ, అది ప్రతి మార్పు కిందా ఉండేదే. నెట్లో ఎవరైనా చదవగలిగే మా గుంపు ఉత్తరాల్లో మంట లేచింది. "కంపెనీకి అమ్ముడుపోయాడు." "దొడ్డిదారిన దూరాడు." "పాపం, రౌధా మేడమ్‌ని మోసం చేశాడు."

లుత్ఫీ ఒక్క ముక్క రాశాడు: "నేను ఇప్పుడేమీ పంపలేదు." దాని మీద ఇంకా నవ్వులు. రౌధా అన్నీ చదివింది. జవాబు రాయడానికి కూర్చుని, ఆ ‘పాపం’ అన్న మాట దగ్గర ఆగిపోయి, కంప్యూటరు కట్టేసేది. బడిలో పిల్లలు "మేడమ్, ఒంట్లో బాలేదా?" అని అడిగేవాళ్ళు.

లుత్ఫీని గుంపు నుంచి వెలివేయాలని మేడ మీద కూడాం. అప్పుడే ఆయాసపడుతూ మెట్లెక్కి మెహ్రెజియా వచ్చింది. చేతిలో ఎండబెట్టిన ఆక్టోపస్ కట్ట.

"రౌధా చెల్లికి ఇద్దామని వచ్చా. నాతో ఫోన్లో మాట్లాడిన వారంలోనే వైఫైకి కావాల్సిన ఫైలేదో తనే పెట్టి పంపింది. దేవుడు మీ అందరినీ చల్లగా చూడాలి."

అందరి తలలూ రౌధా వైపు తిరిగాయి. గాబెస్ సభ్యుడు మెల్లగా అడిగాడు.

"మేడమ్, మీరా?"

"నేనే," అంది రౌధా. ముఖం కందిపోయింది. "అది లుత్ఫీ ఎప్పుడో రాసింది. చాటుగా పెట్టింది నేను. మీరంతా అతన్ని తిడుతుంటే చూస్తూ ఊరుకుందీ నేనే."

"నేనేమన్నా తప్పు మాట్లాడానా?" అంది మెహ్రెజియా బిత్తరపోయి.

"లేదక్కా. నువ్వు కాకపోతే నేనివాళ కూడా చెప్పేదాన్ని కాదు."

ఆ మాటే ఆమెను ఎక్కువగా కాల్చింది. అది ఆమె ముఖంలో కనబడింది.

ఆ సాయంత్రమే అందరికీ తన పేరుతో నిజం రాసి, లుత్ఫీ దుకాణానికి వెళ్ళింది. అతను ఏదో యంత్రం విప్పుతూ తల ఎత్తలేదు.

"చదివాను," అన్నాడు. "మంచిది."

"సీ లుత్ఫీ, నన్ను క్షమించు."

"మేడ మీద తిట్టావు చూడు, దాన్ని ఎప్పుడో మర్చిపోయా. నా కూతురు నీ బడిలోనే చదువుతోంది, తెలుసా? ‘మీ నాన్న దొంగట’ అని క్లాసులో ఆ ఉత్తరాలు చదివి వినిపించారట. ఇంటికొచ్చి నన్నేమీ అడగలేదు. అడిగినా బాగుండేది."

ఆ పిల్ల, హెండ్ ట్రీకీ, రౌధా క్లాసులోనే మూడో బెంచీలో కూర్చుంటుంది. ట్రీకీలు ఊళ్ళో చాలామంది, ఈ పిల్ల ఎవరి పిల్లో ఆమె ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు క్లాసులో అందరి ముందూ చెప్పింది: "ఆ పని చేసింది నేను. హెండ్ వాళ్ళ నాన్న కాదు." కొందరు పిల్లలు నవ్వారు. హెండ్ మాత్రం పుస్తకం మీది చూపు ఎత్తలేదు.

ఫర్మ్‌వేర్‌ను కెర్నెల్ నుంచి తీసి, పేరు చెప్పి విడిగా ఉంచాలని మేం తేల్చాం. కావాలన్నవాళ్ళు ఎంచుకుంటారు. లుత్ఫీ మొదట అన్నదీ అదే. అతన్ని రమ్మని కబురు పంపాం, రాలేదు. రౌధా కెర్నెల్ పని వదిలేస్తానంటే మేం ఒప్పుకోలేదు. చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు మరి. తన మార్పులు ఇంకొకరు చదవకుండా లోపలికి రానివ్వనని మాత్రం పట్టుబట్టింది.

ఇప్పుడు బడికి ఆమె చేపల బజారు మీదుగా చుట్టు తిరిగి పోతుంది. అడిగితే తాజా చేపల కోసం అంటుంది. దగ్గరి దారి లుత్ఫీ దుకాణం ముందు నుంచే.