ఎంగిలి పరమాన్నం

నిన్న సాయంత్రం మా ఆవిడ చెంచాలో పరమాన్నం తెచ్చి, తీపి సరిపోయిందేమో చూడమంది. నైవేద్యానికి కాదు కదా అని రెండుసార్లు అడిగి గాని నోట్లో పెట్టుకోలేదు. ఆమె నవ్వింది. నా భయానికి కారణం ఆమెకు తెలుసు.

గుంటూరు వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కాపురం పెట్టిన కొత్తలో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. వందమంది ఉన్న గదిలో మైకు లేకుండా చివరి బెంచీ దాకా వినబడే గొంతు నాది. పొగరు అంతకంటే కాస్త పెద్దది. అలాంటిది ఒక వేసవిలో గొంతులో కాయలాంటిది లేచి మాట పీలగా అయిపోయింది. డాక్టర్లు ముక్క తీసి పరీక్షకు పంపారు. అది ఏమని తేలుతుందోనని లోపల వణుకుతూ, పైకి మాత్రం అందరినీ విసుక్కునేవాణ్ణి. చంపాపేట్‌లో ఒక సాధువు ఉండేవారు. పొలాలన్నీ అన్నదమ్ములకు వదిలేసి రేకుల గదిలో చాప మీద కూర్చునే ఆయన్ని అందరూ తాత అనేవారు. మనసులో మాట ఆయనకు తెలిసిపోతుందని మా ఆవిడ నమ్మకం. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఆమె పరమాన్నం వండి స్టీలు డబ్బాలో పెట్టి, తాతకు ఇచ్చి రమ్మంది. నైవేద్యం కదా, తాను కూడా రుచి చూడలేదు. నేను జేబులో చెంచా వేసుకునే బయల్దేరాను. దారిలో స్కూటర్ ఆపి ఒక చెంచాడు తిని, పైన చదును చేసి మూత పెట్టాను. అంతా తెలిసినాయనకు ఇదీ తెలియాలి కదా.

తాత మూత తీసి ఒక ముద్ద తిన్నారు. గెలిచాననుకున్నాను.

"బిడ్డ ఎంగిలి తాతకు తప్పు గాదు," అన్నారు మెల్లగా. "ఆకలై తిన్నా మంచిగుంటుండె. గీ పరీక్షేంది?"

డబ్బా తిరిగి నా చేతిలో పెట్టారు. "మిగిలింది మీ ఇంటామెకు తినిపియ్యి. నీ గొంతు కోసం తొమ్మిది దినాల సంది ఒక్కపొద్దుంటున్నది. నీకు ఎర్కలేదా?"

నాకు తెలియదు. రోజూ ఎదురుగా కూర్చుని వడ్డించే మనిషి రాత్రిళ్లు తినడం లేదని నేను చూడనే లేదు. ఆయనకు అంతా తెలుసా అని తేల్చడానికి వెళ్లినవాణ్ణి, నా ఇల్లే నాకు తెలియదని తేల్చుకుని వచ్చాను. చెంచా సంగతి ఆమెకు చెప్పేసి ఏడ్చాను.

"తాతగారికి ఎవరు చెప్పారండీ? నేనెవరితోనూ అనలేదే," అంది. అని, నేను పెట్టిన ముద్ద తింది.

వారానికి, భయపడాల్సిందేమీ లేదని తేలింది. గొంతూ వచ్చింది, మునుపటంత పెద్దది మాత్రం కాదు. తాత పోయారు. రేకుల గది ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇప్పటికీ ఆమె కంచం వైపు చూడకుండా నేను ముద్ద ఎత్తలేను. ఇన్నేళ్లయినా, ఆ ఒక్క చెంచా పరమాన్నం నాకు ఇంకా అరగలేదు.