ఎర్రంగీవాడి ఆఖరి బొమ్మ

సూపర్‌హీరోల బట్టల గురించి నాతో ఎవరూ వాదించకండి. ఇరవై రెండేళ్లుగా పాతబస్తీలో ఆడవాళ్ల జాకెట్లు కుడుతున్నాను. చంక దగ్గర కాస్త వదులు లేకపోతే మనిషి చెయ్యి పైకెత్తలేదు, వీళ్లేమో ఆ బిగుతు బట్టల్లో ఆకాశంలోకి ఎగురుతారు! జిప్పు ఉండదు, గుండీ ఉండదు, కాజా ఉండదు. తల ఎక్కడినుంచి దూరుస్తారో ఆ బొమ్మ గీసినవాడికే తెలియాలి. వీపున వేలాడే ఆ గుడ్డ ఏ మెట్ల దగ్గరో కాళ్లకు అడ్డంపడితే లోకాన్ని కాపాడేవాడి మూతిపళ్లు రాలతాయి. అయినా చూస్తాను. తిట్టుకుంటూ చూస్తాను.

నలభై నాలుగేళ్లొచ్చినా కామిక్‌లు చదువుతాను, మిషన్ పక్కన ఫోను ఆనించి కార్టూన్ సీరియళ్లు పెట్టుకుంటాను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఈ పిచ్చి నాకు అంటించింది మా అన్న. ఆ అన్న ఇప్పుడు రెండు గల్లీల అవతల, తన ఇంట్లో మంచం మీద ఉన్నాడు. ఐదు నెలల కింద పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పొద్దుటే పోయాయి.

ఎక్సర్‌సైజులు చేయించడానికి వచ్చే అమ్మాయి మొదటి వారమే నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఆంటీ, మనం జెప్పేది ఆయనకు సమజైతున్నదా లేదా, అదొక్కటి తెల్వాలె. సమజైతే చానా జెయ్యొచ్చు. లేకుంటే కష్టం."

ఆ ఒక్కటే తెలియలేదు. కళ్లు మూయమంటే మూయడు. బాగున్న ఎడమ చేయినైనా ఎత్తమంటే ఎత్తడు. పైకప్పు వైపు చూస్తూ ఉంటాడు. రోజూ మధ్యాహ్నం దుకాణం మూసి వెళ్లి మంచం పక్కన కూర్చుని నోరు నొప్పెట్టేదాకా మాట్లాడేదాన్ని. వదిన కొంగుతో ముఖం తుడుచుకుని, "చెవిటోని ముంగట శంఖమూదినట్టే ఉన్నది," అనేది. ఆమెను తప్పుపట్టలేను. ఎత్తేది, దించేది, కడిగేది ఆమే.

మా చిన్నప్పుడు నాన్న, బాపు అనేవాళ్లం, కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పొద్దున ఫ్యాక్టరీ బస్సు ఎక్కాడంటే సాయంత్రందాకా ఇల్లు మాది. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. లాడ్ బజార్ గాజుల దుకాణాల వెనక సందులో అందరూ చిచ్చా అని పిలిచే ఒకాయన కామిక్‌లు అద్దెకిచ్చేవాడు. అన్నీ హిందీవి. అప్పట్లో నాకు హిందీ అక్షరం ముక్క రాదు. అన్న హిందీ చూస్తూ పైకి తెలుగులో చదివేవాడు. ఏం తెలుగనుకున్నారు! రాక్షసుడు ఊరి మీద పడితే హీరో నడుం మీద చేతులు పెట్టుకుని, "అబే, ఏందిరా నీ లొల్లి? మా గల్లీల నీకేం పని?" అనేవాడు. ఎవరైనా ఏడుస్తుంటే, "ఫికర్ జెయ్యకు, నేనున్న గద," అనేవాడు. అది పుస్తకంలో ఉన్నదనే నమ్మాను.

అన్నకొక పద్ధతి ఉండేది. తాను చదువుతున్న బొమ్మ తప్ప కింది బొమ్మలన్నిటి మీదా అరచెయ్యి పరిచేవాడు. "ముందుకు చూడొద్దే. చూస్తే మజా పోతది." నేను వేళ్ల సందుల్లోంచి తొంగి చూడబోతే నెత్తిమీద ఒక మొట్టికాయ. ఒక్కో బొమ్మ చదవడం అయ్యాక చెయ్యి కాస్త కిందికి జరిపేవాడు. ఇప్పటికీ కామిక్ పట్టుకుంటే నా చెయ్యి దానంతటదే కింది బొమ్మల్ని కప్పుతుంది.

అందుకే టీవీలో కార్టూన్లు తెలుగులో మొదలైనప్పుడు నాకు ఒళ్లు మండింది. "దుష్టుడా, నీ అంతం సమీపించింది!" తన్నుకునేటప్పుడు ఎవడైనా 'సమీపించింది' అంటాడా? ఆ మాట పూర్తయ్యేలోపు రెండు దెబ్బలు పడవూ? అంతకన్నా పెద్ద మోసం ఇంకోటుంది. హీరో మీద మేడ కూలుతుంది, బిస్కెట్ల అడ్వర్టైజ్‌మెంటు వస్తుంది, అది అయిపోగానే హీరో లేచి నిలబడి ఉంటాడు. పడినవాడు లేచేదాకా మధ్యలో ఏం జరిగిందో ఒక్కడూ చూపించడు. వీపు పుండ్లు పడకుండా వాణ్ణి పక్కకు ఎవరు తిప్పారు? జావ చెంచాతో ఎవరు పోశారు? మూతి ఎవరు తుడిచారు? ఈ ఐదు నెలల్లో నేను ఆ సీరియళ్లు చూస్తూ ఫోను నేలకేసి కొట్టినంత పని చేశాను.

హీరో చావకూడదన్నది మాత్రం నా పట్టు. చంపి, రెండు పుస్తకాల తర్వాత మళ్లీ లేపకపోతే కథ నడవదని కొందరంటారు. నేను ఒప్పుకోను. చంపకుండానే ముగించవచ్చని వాదించేదాన్ని, రుజువుగా ఎర్రంగీవాడి కథ చెప్పేదాన్ని. ఎర్ర అంగీ వేసుకుని ఎగిరే ఆ హీరోకు మేం పెట్టుకున్న పేరది. చెరువు కట్ట తెగుతుంది. వాడు వీపు అడ్డంపెట్టి నిలబడతాడు. ఊరంతా దాటిపోతుంది, ఆఖరికి వాణ్ణి వరద లాక్కుపోతుంది. చిన్నప్పుడు అన్న అది చదువుతుంటే నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆ చివరి బొమ్మ మీద చెయ్యి తీయకుండానే అన్న చెప్పాడు. "ఏం గాలేదే పిచ్చిదానా. ఈదుకుంట ఒడ్డుకొచ్చిండు. ఇంటికొచ్చి చాయ్ తాగిండు."

"మరి ఆ బొమ్మ?"

"అది సబ్బు అడ్వర్టైజ్‌మెంటు," అని పుస్తకం మూసేశాడు. మర్నాడు వాపసు ఇచ్చేశానన్నాడు. తర్వాత నేను ఎన్నిసార్లు అడిగినా ఆ పుస్తకం చిచ్చా దగ్గర దొరకలేదు.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం అన్నకు జావ పొలమారింది. కళ్లు తేలేశాడు. వదినా నేనూ కూర్చోబెట్టి వీపు రుద్ది, దుప్పటి మార్చి, మళ్లీ పడుకోబెట్టాం. నాలుకకు నరం లేదంటారు, నా నాలుకకు అసలే లేదు. మంచానికి అటు వదిన, ఇటు నేను, మధ్యలో అన్న. "గిట్ల బతికేకంటె పోతేనే నయం. ఆయనకూ నయం, మనకూ నయం," అన్నాను. వదిన తడిసిన దుప్పటి తీసుకుని బయటికి వెళ్లింది. అన్న పైకప్పు వైపే చూస్తున్నాడు.

మొన్న పాత దుప్పట్ల కోసం వదిన అన్న ఇనుప పెట్టె తెరవమంది. అడుగున, సర్టిఫికెట్ల కింద, ఎర్రంగీవాడు! అట్ట మీద చిచ్చా దుకాణం ముద్ర. వాపసు ఇవ్వనే లేదు, దొంగ! ముప్పై ఏళ్ల పైగా దాచాడు. అది పట్టుకుని నేరుగా మంచం దగ్గరికి పరిగెత్తాను.

ఇప్పుడు నాకు హిందీ వచ్చు. ఉన్నది ఉన్నట్టు తెలుగులో చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో అన్న ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏందన్నా, ఇది గూడ వద్దా? ఇంకేం దేవాలె నీకు?" అని ఏడ్చాను. ఆ ఏడుపులోనే పుస్తకంలో ఉన్నది వదిలేసి అన్న చదివినట్టు అందుకున్నాను. "అబే, ఏందిరా నీ లొల్లి? మా గల్లీల నీకేం పని?"

అన్న ముఖం నెమ్మదిగా ఇటు తిరిగింది. కళ్లు పుస్తకం మీదికి వచ్చాయి. నేను ఆపలేదు. కట్ట తెగింది, ఊరు దాటింది, వాణ్ణి వరద లాక్కుపోయింది. ఆఖరి పేజీ తిప్పాను.

అన్న ఎడమ చెయ్యి పక్క మీంచి లేచింది. పుస్తకం దాకా వచ్చి, ఆఖరి బొమ్మ మీద పరుచుకుంది.

చిటికెన వేలి పక్కన బొమ్మ మూల కాస్త కనబడుతోంది. ఒడ్డు మీద తడిసిన ఎర్ర అంగీ, దాన్ని పట్టుకున్న ఒక చిన్నపిల్ల చేతులు. సబ్బు లేదు.

సమజైతున్నది! అన్నీ సమజైతున్నయి! వదినను కేకేయబోయాను. అంతలోనే ఆగిపోయాను. ఇది అర్థమైనవాడికి అదీ అర్థమై ఉంటుంది. ఆ రోజు నేనన్నది నా అన్న విన్నాడు. విని, జవాబు చెప్పే నోరు లేక పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

"అన్నా, నేనన్నది ఇన్నవా?"

నా ముఖంలోకే చూస్తున్నాడు. కంటి చివర నీళ్లు చెవి వైపు జారాయి. నాకింక అడిగే ధైర్యం లేదు.

"ఈదుకుంట ఒడ్డుకొచ్చిండు గదన్నా," అన్నాను. "ఇంటికొచ్చి చాయ్ తాగిండు గద."

అన్న చెయ్యి తీయలేదు. ఇంకాస్త గట్టిగా అదిమాడు.