ఒక్కసారే అడగాలన్న పుస్తకం

ఆత్మకూరు గ్రంథాలయంలో కిటికీ పక్క బీరువా కింది అరలో వంటల పుస్తకాలు ఉండేవి. పదో తరగతితో చదువు ఆపేసి బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో పనికి చేరాక, మధ్యాహ్నం క్యారియరు తినగా మిగిలిన అరగంటా నేను అక్కడే గడిపేదాన్ని. కాలేజీకి వెళ్లిన వాళ్లకు తెలియనివి నాకు తెలుసని ఒక గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది. ఆ అరలో లావుపాటి పుస్తకం ఒకటి, ఇంటికి పిలిచిన వాళ్లను ఎలా కూర్చోబెట్టాలో, ఎలా వడ్డించాలో, ఏం మాట్లాడాలో వంటలతో పాటు చెప్పేది. దాన్ని ఆరుసార్లు ఇంటికి తెచ్చుకున్నాను. ఏడోసారి తెచ్చిన వారంలోనే, మా అక్క అత్తగారి వాళ్లు ఆదివారం వస్తున్నామని ఫోను చేశారు.

మాది ఉదయగిరి దగ్గర పల్లె, గొర్రెలున్న ఇల్లు. అక్కను కలిగిరి వైపు, మాలాగే జీవాలు మేపుకునే ఇంటికి ఇచ్చారు. అత్తకు ఎదురు మాట్లాడిందని ఎనిమిది నెలల కిందట పుట్టింట్లో దించి వెళ్లారు. ఇప్పుడు అత్తా మామా బావా వచ్చి భోజనం చేస్తారు. కడుపు నిండా తిని లేస్తే అక్క వాళ్లతో పాటు ఆటో ఎక్కుతుంది. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. మా వైపు రాజీలు అలాగే కుదురుతాయి. అక్క ముందురోజే బట్టలు సంచిలో సర్దుకుని తలుపు వెనక పెట్టుకుంది.

ఆదివారం తెల్లవారగానే అక్క పొయ్యి ముందు కూర్చుంది. పొట్టేలు కూర, రాగి సంగటి, చారు, సేమియా పాయసం. తనకు చదువు రాదు, వంట వచ్చు. నాకు చదువుంది, నేను చేసిన కూర కుక్క కూడా ముట్టదని నాయన అనేవాడు. అది నన్ను చిన్నప్పటి నుంచీ లోపల కొరుకుతూనే ఉంది. ఆ రోజు నా వంతు వచ్చిందనుకున్నాను.

"నువ్వు చెమట్లు కార్చుకుంటా గరిటె పట్టుకోని తిరగబాక," అన్నాను అక్కతో. "మంచి చీర కట్టుకోని వాళ్లకెదురుగా కుర్చీలో కూచో. నవ్వుతా మాట్లాడు. వడ్డన నేను చూసుకుంటా."

"నేను పెట్టకపోతే బాగుండదు మే," అంది అక్క.

"ఇంటావిడ కూచోని మాట్లాడాల. పుస్తకంలో ఉండాది."

అక్క అమ్మ వైపు చూసింది. అమ్మకు అచ్చు వేసిన కాగితమంటే భయం. "చదువుకునింది చెప్తాది గదా, విను," అంది.

మా వైపు భోజనానికి వచ్చిన వాళ్లు మొదట చాలంటారు, అయినా పెట్టాలి. రెండోసారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు, ఆ వేళ్ల పక్క నుంచి పెట్టాలి. మూడోసారి విస్తరి మీదికి వంగిపోతే అప్పుడు ఆపాలి. నోరు తెరిచి పెట్టమని అడగడం మాత్రం చచ్చినా చెయ్యరు. ఇదంతా నాకు తెలియక కాదు. తెలిసే మోటు అనుకున్నాను. కొసరి కొసరి వడ్డించి అతిథిని ఇబ్బంది పెట్టకూడదని, కొంచెం పెట్టి, ఒక్కసారి అడిగి, వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వాలని పుస్తకం చెప్పింది.

పిడికెడు సంగటి, దాని పక్కన నాలుగు ముక్కలు, అంచున గుండ్రంగా కోసిన ఉల్లిపాయ పెట్టాను. పుస్తకంలోని బొమ్మలో ఉన్నట్టే కుదిరింది.

"ఇంకొంచెం వేయమంటారా?" అని మామను అడిగాను.

"చాలమ్మా," అన్నాడాయన.

"సరే," అని గిన్నె ఎత్తుకుని పక్కకు జరిగాను. బావ చాలన్నాడు. అక్కడా ఆపాను. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. ఎవరూ ఏమీ వేయకపోయినా ఆ చెయ్యి విస్తరి మీద అలాగే ఉండిపోయింది.

వాళ్లు కింద చాప మీద, అక్క ఎదురుగా కుర్చీలో. అక్క లేవబోయింది. నేను కళ్లతోనే కూర్చోమన్నాను. కూర్చుని, నేను నేర్పినట్టే నవ్వింది.

"కోడలు దొరసాని మాదిరి కూచోనుండాది," అంది అత్త మామతో. "మనమేందో కూలికొచ్చినట్టుండాము."

"పెట్టు మే," అని గడప దగ్గర నుంచి నాయన గొణిగాడు.

"వాళ్లే వద్దన్నారు నాయనా," అన్నాను, అందరికీ వినిపించేలా.

మామ లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, "మా దొడ్లో గొర్రెను గూడా చాలునా అని అడగం బావా," అన్నాడు నాయనతో. "మేత ముందరేస్తాము, అది తింటాది. మీ ఇంట్లో మనుషులకు కొలత ఉండాదే."

అత్త నవ్వింది. బావ కూడా నవ్వాడు. ఆటో దగ్గరికి వాళ్లు నడుస్తుంటే అక్క సంచి తెచ్చుకుని గడపలో నిలబడింది.

"నువ్వు కూచోమ్మా," అంది అత్త వెనక్కి తిరిగి. "కూచోనే ఉండు."

ఆటో మలుపు తిరిగాక అక్క లోపలికొచ్చి, నాకొక విస్తరి వేసింది. కూర సగానికి పైగా మిగిలి ఉంది. మళ్లీ వెచ్చబెట్టి తెచ్చింది. చాలన్నాను, పెట్టింది. చెయ్యి అడ్డం పెట్టాను, వేళ్ల మీదే పోసింది. వంగిపోయాను, ఆపలేదు.

"వాళ్ల వంతు గూడా నువ్వే తిను. చదువుకున్నదానివి," అంది.

అమ్మ గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. నేను దొడ్లోకి పరుగెత్తి కక్కుకున్నాను. తిరిగొచ్చేసరికి విస్తరి నిండుగా ఉంది.

మరుసటి ఏడు బావ జలదంకి వైపు పిల్లను చేసుకున్నాడు. పుస్తకాన్ని గడువులోగానే తిరిగి ఇచ్చాను. దానిలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. మా ఇంట్లో నేనే గొప్ప అనిపించుకోవడానికి దాన్ని వాడుకున్నాను, అది నా తప్పు.

ఆత్మకూరు నుంచి ఆదివారాలు ఊరికి వెళ్తాను. వంట అక్కదే. ఎవరొచ్చినా వాళ్ల వేళ్ల సందుల్లోంచి వడ్డిస్తుంది. నా విస్తరిలో మాత్రం పిడికెడు సంగటి, నాలుగు ముక్కలు పెట్టి, "ఇంకొంచెం వేయమంటారా?" అని అడుగుతుంది. నా గొంతుతో, ఆ రోజు నేను అడిగినట్టే. అడిగి, గరిటె పట్టుకుని నిలబడుతుంది. చాలదు అని నేను ఇంతవరకూ అనలేకపోయాను. చాలంటాను. గిన్నె ఎత్తుకుని వెళ్లిపోతుంది. ఉదయగిరి బస్టాండులో బన్ను కొనుక్కుని తింటూ ఆత్మకూరు బస్సు కోసం చూస్తాను.